మీట నొక్కితే అవతల ఏం అందింది?

(కీబోర్డు, ఆక్టోప్యాడ్ వాయించేవాళ్ల కోసం పర్లాకిమిడిలో ఒక ఆదివారం పెట్టిన శిక్షణలో చేసిన ప్రసంగం. తెర మీద చూపించిన వరసల్ని చదువుకోవడానికి వీలుగా మాటల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, తెర మీద అక్షరాలు చిన్నవి. గుణుపురం వాళ్లు ఇంకా రాలేదేటి? సరే, రైలు వచ్చినప్పుడు వస్తారు, మనం మొదలెట్టేద్దాం.

ఇక్కడ మెలోడీ పార్టీల్లో వాయించేవాళ్లున్నారు, చర్చిల్లో వాయించేవాళ్లున్నారు, భజన మండళ్ల వాళ్లున్నారు. నా దగ్గరికి బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్లందరి నోటా ఒకటే మాట. "లాప్‌టాప్‌కి తగిలించాను, మోగట్లేదు." ఏం చేశారయ్యా అంటే పెద్ద చిట్టా చెప్తారు. కేబుల్ మార్చారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశారు. బరంపురం వెళ్లి కొత్త సౌండ్ కార్డు కొన్నారు. విండోస్ కూడా కొత్తగా వేయించారు. ఇంత ఖర్చూ పెట్టారు గానీ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. నేను మీట నొక్కినప్పుడు కంప్యూటర్‌కి ఏదైనా అందిందా, లేదా?

ఈవేళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. దానికి జవాబు చెప్పడానికి పైసా ఖర్చు లేని ఒక చిన్న ఆజ్ఞ ఉంది. నల్ల తెర మీద టైపు చేయాలి. బొమ్మలుండవు, రంగులుండవు.

ముందు మీట నుంచి స్పీకరు దాకా దారి చూడండి. మీట కింద రబ్బరు కాంటాక్టు, దాని వెనక కీబోర్డులోని ప్రాసెసర్, అక్కణ్ణించి కేబుల్, లాప్‌టాప్‌లో డ్రైవర్, ఆ తర్వాత మీ సాఫ్ట్‌వేర్, అందులో వాయిద్యం స్వరాలు, సౌండ్ కార్డు, మిక్సరు, ఆంప్లిఫయరు, చివర్న స్పీకరు. ఇన్నింటిలో ఎక్కడ తెగినా మీకు వినపడేది ఒకటే: ఏమీ వినపడదు. అందుకే చెవిని నమ్ముకుంటే పని జరగదు. దారికి సరిగ్గా నడిమధ్యన, అంటే డ్రైవరు దాటాక, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లకముందు, నిలబడి చూడాలి. అక్కడికి వచ్చిందంటే ఇవతలి సగం బాగున్నట్టే, కేబుల్ జోలికి పోవద్దు. రాలేదంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఒక్క చూపుతో సగం అనుమానాలు తీరిపోతాయి.

కొత్తవాళ్లున్నారు కాబట్టి ఒక మాట. మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. మిడి తీగలో పాట వెళ్లదు, శబ్దం వెళ్లదు. "ఫలానా మీట ఇంత గట్టిగా నొక్కారు", "ఇప్పుడు వదిలేశారు" అన్న సమాచారం వెళ్తుంది, అంతే. ఇది 1983 నాటి ఏర్పాటు. ఆ ఏడు జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రాఫెట్-600 కీబోర్డునీ, రోలాండ్ వాళ్ల జూపిటర్-6 కీబోర్డునీ ఒక తీగతో కలిపి చూపించారు. ఒకటి వాయిస్తే రెండోది మోగింది. ఒకరికొకరు పోటీ కంపెనీలు, ఒకటి అమెరికాది, ఒకటి జపాన్‌ది. అటు డేవ్ స్మిత్, ఇటు ఇకుతారో కకెహాషి పూనుకున్నారు కాబట్టి కుదిరింది. అప్పటి లెక్కలే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఐదు పిన్నుల తీగలో సెకనుకి 31,250 బిట్లు. ఒక్కో బైటుకీ ముందూ వెనకా ఒక్కో బిట్టు చేరి పది బిట్లవుతుంది, అంటే 320 మైక్రోసెకన్లు. మీట నొక్కిన కబురు మూడు బైట్లు, దగ్గర దగ్గర ఒక మిల్లీసెకను. పది వేళ్లూ ఒకేసారి వేస్తే మొదటి స్వరానికీ ఆఖరి స్వరానికీ మధ్య పది మిల్లీసెకన్ల దాకా ఎడం వస్తుంది. మన చెవికి అది తెలియదులెండి.

ఇప్పుడు తెర చూడండి. ఈ లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది, అంటే విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ సిస్టమ్. మీకు లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాన్నుంచే స్టార్ట్ చేయొచ్చు, మీ విండోస్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఆజ్ఞ పేరు ఏసెక్‌డంప్. ఏ, ఎస్, ఈ, క్యూ, డి, యు, ఎం, పి. అన్నీ చిన్న అక్షరాలే, కలిపి రాయాలి. ఆల్సా యుటిల్స్ అనే మూటలో వస్తుంది, ఉబుంటులో మామూలుగా ముందే ఉంటుంది. పేరు తర్వాత ఖాళీ వదిలి, చిన్న గీత, ఎల్. ఎంటర్.

ఇదిగో జాబితా. 0:0, సిస్టమ్ టైమర్. 0:1, సిస్టమ్ అనౌన్స్. 14:0, మిడి త్రూ. 24:0, ఇది మన కీబోర్డు. చాలామంది ఆ 14ని చూసి "వచ్చేసింది మాస్టారూ, మిడి అని కనిపిస్తోంది" అంటారు. అది మీ కీబోర్డు కాదు. మీరేమీ తగిలించకపోయినా అది అక్కడే ఉంటుంది. మీ కంపెనీ పేరో, "యూఎస్‌బీ మిడి" అనో ఉన్న వరస వెతకాలి. అదే లేకపోతే కథ అక్కడే తేలిపోయింది: కేబుల్, పోర్టు, కీబోర్డు, ఈ మూడింట్లోనే తేడా ఉంది.

ఇప్పుడు ఏసెక్‌డంప్, ఖాళీ, చిన్న గీత పి, ఖాళీ, 24:0. ఎంటర్. "వెయిటింగ్ ఫర్ డేటా" అని ఆగింది. తమ్ముడూ, మధ్య సా నొక్కు. ఆ... చూశారా?

24:0, నోట్ ఆన్, 0, నోట్ 60, వెలాసిటీ 72.
24:0, నోట్ ఆఫ్, 0, నోట్ 60.

మొదటి అంకె ఎక్కణ్ణించి వచ్చిందో చెప్తుంది. నోట్ ఆన్ పక్కనున్న సున్నా చానెల్, అంటే ఒకే తీగలో వేరు వేరు వాయిద్యాల కబుర్లు కలిసిపోకుండా పెట్టిన నంబరు. ఇక్కడ జాగ్రత్త. మీ కీబోర్డు మీద చానెళ్లు 1 నుంచి 16 దాకా ఉంటాయి, ఇది మాత్రం 0 నుంచి 15 దాకా లెక్కపెడుతుంది. మీ 1 దీనికి 0. డ్రమ్స్ చానెల్ 10 దీనికి 9. ఆక్టోప్యాడ్ వాళ్లు 9 చూసి కంగారు పడి సెట్టింగులన్నీ తిప్పేస్తారు. తిప్పొద్దు. ఆ తర్వాత 60, మధ్య సా. దీన్ని కొన్ని కంపెనీలు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి, ఆ తగువు మనకొద్దు. 60 అంటే ఎవరి దగ్గరైనా 60. చివరిది వెలాసిటీ, ఎంత గట్టిగా నొక్కారో. 1 నుంచి 127 దాకా.

రెండో వరస చూడండి. నోట్ ఆఫ్ దగ్గర వెలాసిటీ లేదు. ఎందుకంటే ఈ కీబోర్డు నోట్ ఆఫ్ అనే కబురు పంపనే పంపదు. "60 మీట, సున్నా వేగంతో నొక్కారు" అని పంపుతుంది. మిడి నియమం ప్రకారం సున్నా వేగంతో నొక్కడమంటే వదిలేయడమే. ఏసెక్‌డంప్ దాన్ని అర్థం చేసుకుని నోట్ ఆఫ్ అని రాసింది. అలా చేయడంలో లాభమేంటంటే, నొక్కినా వదిలినా కబురు రకం ఒకటే కాబట్టి ఆ మొదటి బైటు మళ్లీ మళ్లీ పంపనక్కర్లేదు. దాన్ని రన్నింగ్ స్టేటస్ అంటారు. ఇందాక చెప్పిన పది వేళ్లకీ ముప్ఫై బైట్లు కాకుండా ఇరవయ్యొక్కటితో సరిపోతుంది. పది మిల్లీసెకన్లు కాస్తా ఏడుకి లోపే.

అయితే ఏసెక్‌డంప్ మనకి అర్థం చెప్పి చూపిస్తోంది. ఉన్నది ఉన్నట్టు బైట్లే కావాలంటే ఇంకో ఆజ్ఞ, ఏమిడి. ఏమిడి, చిన్న గీత ఎల్ అంటే హెచ్‌డబ్ల్యూ 1,0,0 లాంటి పేరు చూపిస్తుంది. ఆ పేరు చిన్న గీత పి తర్వాత ఇచ్చి, చివర చిన్న గీత డి. ఇప్పుడు మీట నొక్కితే 90, 3సి, 48 అని వస్తుంది. ఇది పదహార్ల లెక్క, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా అంకెలే. 9 అంటే నోట్ ఆన్, పక్కన 0 చానెల్, 3సి అంటే 60, 48 అంటే 72. వదిలితే 90, 3సి, 00. సున్నా వేగం అన్నానే, అదే.

ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవరల మాటలు నేర్చుకున్నారు. వాళ్ల నోట ఎలా వస్తే అలా రాసుకున్నారు. మనం కూడా కీబోర్డు పుస్తకంలో ఏం రాసుందో తర్వాత చూద్దాం, తీగలోంచి ఏం వస్తోందో ముందు రాసుకుందాం. రెండూ ఎప్పుడూ ఒకటే కావు.

(ప్రశ్న: మాస్టారూ, ఈ రెండింట్లో ఏది వాడమంటారు?)

ఏసెక్‌డంప్. ఏమిడి ఆ పరికరాన్ని నేరుగా పట్టుకుంటుంది. అప్పటికే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే "బిజీ" అని తిప్పి కొడుతుంది. ఏసెక్‌డంప్ పక్కన కూర్చుని తనకొక నకలు తీసుకుంటుంది, మీ సాఫ్ట్‌వేర్ మోగుతూనే ఉంటుంది. రోజువారీ పనికి అదే నయం.

ఇప్పుడు కొన్ని జబ్బులు చూద్దాం. తీగ పెట్టగానే మీరెవరూ ముట్టుకోకపోయినా తెర నిండా "యాక్టివ్ సెన్సింగ్, యాక్టివ్ సెన్సింగ్" అని పరిగెడుతుంది కొన్ని కీబోర్డులకి. చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. రాత్రిళ్లు గూర్ఖా ఈల వేసుకుంటూ తిరుగుతాడు చూడండి, అలాంటిదే ఇది. "నేనున్నాను, తీగ ఊడలేదు" అని 300 మిల్లీసెకన్ల లోపే ఒకసారి చెప్తూ ఉంటుంది. ఆ ఈల ఆగిపోతే అవతలి వాయిద్యం తీగ ఊడిందనుకుని మోగుతున్న స్వరాలన్నీ ఆపేస్తుంది. మంచి ఏర్పాటే గానీ మనకి చూడ్డానికి అడ్డం. ఆజ్ఞ చివర నిలువు గీత పెట్టి, వరసల్ని వడగట్టే గ్రెప్ అనే ఆజ్ఞ, చిన్న గీత వి, తర్వాత సెన్సింగ్ అన్న ఇంగ్లీషు మాట తెర మీద ఉన్నట్టే రాస్తే ఆ వరసలు పోతాయి. క్లాక్ వరసలు కూడా ఇలాగే అడ్డం వస్తాయి. తాళం స్టార్ట్ చేసి వదిలేసిన కీబోర్డులు ఒక్కో దెబ్బకీ 24 క్లాకులు పంపుతాయి. నిమిషానికి 120 దెబ్బల తాళమైతే సెకనుకి 48 వరసలు! వాటినీ గ్రెప్‌తో తీసేయండి.

రెండోది పెడల్. కొండ మీద ఒక ఊరి చర్చిలో కీబోర్డు. ఏ మీట నొక్కినా స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, పెడల్ తొక్కితే ఆగుతుంది. తిరగబడిందన్నమాట. పిల్లలు దానికి అలవాటుపడి తిరగేసే వాయించేస్తున్నారు, అది వాళ్ల గొప్పదనం! ఇక్కడ చూద్దాం. తొక్కమ్మా పెడల్. కంట్రోల్ చేంజ్, 0, కంట్రోలర్ 64, వాల్యూ 127. వదులు. వాల్యూ 0. ఇది సరైన పెడల్. ఆ చర్చిలో తొక్కితే 0, వదిలితే 127 వచ్చేది. చాలా కీబోర్డులు ఆన్ చేసిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్నే "తొక్కనిది" అనుకుంటాయి. ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలుందో, హార్మోనియం పెట్టె ఉందో, లెక్క తిరగబడుతుంది. ఆఫ్ చేయండి, పెడల్ జాక్ పెట్టండి, కాలు తీసేయండి, అప్పుడు ఆన్ చేయండి. అప్పటికీ తిరగబడే ఉంటే పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉందేమో చూడండి.

మూడోది శ్రుతి గొడవ. భజన మండలిలో పాడేవారు రెండు శ్రుతికి పాడతారు. వాయించేవాడు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ ప్లస్ 2 పెట్టాడు, అంటే స్వరాలన్నీ రెండు మెట్లు పైకి. లాప్‌టాప్ చూసుకునే కుర్రాడు మంచివాడే, వాడూ సాఫ్ట్‌వేర్‌లో ప్లస్ 2 పెట్టాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. పాట మూడు శ్రుతిలో మోగుతోంది, పాడేవారి గొంతు పైకెక్కట్లేదు, అందరూ హార్మోనియంని తిడుతున్నారు. సా నొక్కి ఏసెక్‌డంప్ చూడండి. 60 వస్తే కీబోర్డు మార్చట్లేదు. 62 వస్తే కీబోర్డే మార్చి పంపుతోంది. 62 వస్తూ చెవికి మూడు శ్రుతి వినపడితే మిగతా రెండు మెట్లూ సాఫ్ట్‌వేర్‌వి. ఇంక వాదన ఉండదు.

ఇంకోటి, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు మోగడం. స్వరం పల్చగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. యూఎస్‌బీ తీగా, ఐదు పిన్నుల తీగా రెండూ తగిలించేసి ఉంటారు. ఆజ్ఞలో 24:0, కామా, 28:0 అని రెండింటినీ కలిపి అడగొచ్చు. ఒక్క మీటకి రెండు వరసలు, ఒకటి 24 నుంచి, ఒకటి 28 నుంచి వస్తే ఒక తీగ పీకేయండి. వరస ఒక్కటే వచ్చి చెవికి రెండు వినిపిస్తుంటే? అప్పుడు కీబోర్డు తన సొంత స్వరం మోగిస్తోంది, లాప్‌టాప్ నుంచి ఇంకోటి మోగుతోంది. కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయాలి. మిడి లెక్కలో కంట్రోలర్ 122 అదే.

ఇక మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జబ్బు మీటలది. దీనికి కొంచెం టైము తీసుకుంటాను. వానాకాలం చెమ్మ, పందిట్లో దుమ్ము, ఊరేగింపులో గులాలు, ట్రక్కు మీద ప్రయాణం. బరంపురం ఠాకురాణీ యాత్ర అయ్యాక నా బల్ల మీద కీబోర్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మీట కింద ఏముంటుందంటే, రబ్బరు బుడిపె, దాని లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు. మీట దిగేటప్పుడు ఒక చుక్క ముందు తగులుతుంది, రెండోది తర్వాత. రెండింటికీ మధ్య ఎంత టైము పట్టిందో ప్రాసెసర్ కొలుస్తుంది. తక్కువ టైము పడితే గట్టిగా నొక్కినట్టు, ఎక్కువ పడితే మెల్లగా నొక్కినట్టు. గట్టితనాన్ని కొలిచే యంత్రం అందులో ఏమీ లేదు, టైమే కొలుస్తుంది. ఇప్పుడు మొదటి చుక్క మీద మట్టి పేరుకుంది. అది ఆలస్యంగా తగులుతుంది, రెండోది మామూలుగానే తగులుతుంది, మధ్యలో టైము మిగల్లేదు. మీరు పూవు ముట్టుకున్నట్టు నొక్కినా 127 పంపుతుంది. లేకపోతే ఒక చుక్క అసలు తగలదు, ఏమీ పంపదు. మనకి చెవికి మాత్రం "ఈ స్వరం ఒక్కోసారి అరుస్తోంది" అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క స్వరం వాల్యూమ్ తగ్గించే ప్రయత్నాలు చేసేవాళ్లని చూశాను.

ఇదిగో, ఈ పాత కీబోర్డు తెచ్చాను. ఎడమ చివర నుంచి ఒక్కో మీట, ఒకే బరువుతో, మెల్లగా నొక్కుకుంటూ వెళ్తాను. మీరు తెర మీద చివరి అంకె ఒక్కటే చూడండి. 41, 38, 44, 40, 39, 127. ఆగాం! నోట్ 41. మళ్లీ నొక్కుతున్నాను, 127. మళ్లీ, 45. మళ్లీ, 127. పక్క మీట, 42, 40. సరే, నోట్ 41 దగ్గర గుర్తు పెట్టుకుందాం. ఇలా మొత్తం అరవయ్యొక్క మీటలూ చూడ్డానికి ఒక పాటంత సేపు కూడా పట్టదు. విప్పకముందే ఏ పట్టీ తీయాలో తెలిసిపోయింది. విప్పాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది రబ్బరు చుక్కల్నీ, కింద బోర్డు మీది నల్ల గీతల్నీ మెల్లగా తుడవండి. గట్టిగా రుద్దితే కార్బన్ ఊడొస్తుంది, అప్పుడు పట్టీ మార్చాల్సిందే. గరకు కాగితం మాత్రం వాడొద్దు, దయచేసి. ఆరాక బిగించి, మళ్లీ అదే ఆజ్ఞ, అవే మీటలు.

ఆక్టోప్యాడ్ వాళ్లు ఓపిగ్గా కూర్చున్నారు, మీ సంగతికొద్దాం. ఒక్క దెబ్బ కొడితే రెండు మోతలు. పక్క ప్యాడ్ కొడితే ఇది మోగడం. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. నోట్ నంబరు చూస్తే తేలిపోతుంది. నోట్ 38, వెలాసిటీ 104, వెంటనే మళ్లీ నోట్ 38, వెలాసిటీ 17. నంబరు ఒకటే, రెండోది బలహీనం. అంటే కర్ర తగిలాక రబ్బరు అదిరిన అదురుని కూడా దెబ్బ అనుకుంటోంది. రీట్రిగ్గర్ క్యాన్సిలో, మాస్క్ టైమో పెంచాలి. అదే నోట్ 38, 104, వెంటనే నోట్ 36, వెలాసిటీ 12 వచ్చిందనుకోండి, నంబరు వేరు. పక్క ప్యాడ్‌కి అదురు పాకింది. దానికి క్రాస్‌టాక్ సెట్టింగు. త్రెషోల్డ్ కూడా కొంచెం పెంచొచ్చు, మరీ పెంచితే మెల్లటి దెబ్బలు పోతాయి, ఢోలక్ చప్పుడు వాయించేవాళ్లకి అది పనికిరాదు.

ఆ రెండు దెబ్బల మధ్య ఎంత టైముందో తెలియాలి కదా మరి. ఏసెక్‌డంప్ మామూలుగా టైము చూపించదు. దానికి రిసీవ్‌మిడి అని ఇంకొకటుంది. గీర్ట్ బెవిన్ అనే ఆయన రాసి ఉచితంగా ఇచ్చారు. లినక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ నడుస్తుంది. రిసీవ్‌మిడి, టీఎస్, డీఈవీ, తర్వాత పరికరం పేరులో ఒక ముక్క. ప్రతి వరసకీ ముందు టైము వేస్తుంది. నోట్స్ మాత్రమే చూపించు, ఫలానా చానెలే చూపించు అని వడగట్టొచ్చు కూడా.

(ప్రశ్న: మాస్టారూ, కనెక్షన్ ఉండి ఉండి పోతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది. అప్పుడేం చూడాలి?)

మంచి మాట అడిగావు. ఇందాక జాబితాలో 0:1 అనౌన్స్ అని ఉందే, దాన్ని చూడు. ఏసెక్‌డంప్, చిన్న గీత పి, 0:1. ఇప్పుడు ఈ యూఎస్‌బీ తీగ పీకుతున్నాను. చూశారా, పోర్ట్ ఎగ్జిట్, క్లయింట్ ఎగ్జిట్. పెడుతున్నాను. క్లయింట్ స్టార్ట్, పోర్ట్ స్టార్ట్. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ ఇది చెప్తుంది. ఇది అలా వదిలేసి కేబుల్‌ని జాక్ దగ్గర కొంచెం కొంచెం కదుపు. కదిపినప్పుడల్లా ఎగ్జిట్, స్టార్ట్ అని పడుతుంటే జాకో తీగో వదులైంది. మీరు వాయిస్తుండగా స్టేజీ మీద ఎవరో తీగ తొక్కినా ఇది రాసిపెడుతుంది, ఎవరు తొక్కారో మాత్రం చెప్పదు! (నవ్వులు)

యూఎస్‌బీ నుంచి ఐదు పిన్నులకి మార్చే చవక తీగల గురించి కూడా చెప్పేస్తాను. వాటికి రెండు కొసలుంటాయి, ఒకదాని మీద ఇన్, ఒకదాని మీద అవుట్. ఇన్ అని రాసున్నది కీబోర్డులో ఇన్‌లో పెట్టేస్తారు. మామూలుగా తీగ మీద ఇన్ అని ఉన్నది కీబోర్డు అవుట్‌లోకి వెళ్లాలి, ఎందుకంటే కీబోర్డులోంచి బయటికొచ్చేది కంప్యూటర్ లోపలికి వెళ్తుంది కాబట్టి. అయితే కొన్ని తీగల మీద తిరగేసి రాసుంటుంది. ఏది నిజమో ఆలోచించుకుంటూ కూర్చోకండి. ఏసెక్‌డంప్ తెరిచి పెట్టి ఒక మీట నొక్కండి, రాకపోతే కొసలు మార్చి మళ్లీ నొక్కండి. ఆ చవక తీగల్లో చాలావాటికి మామూలు స్వరాలు బాగానే వెళ్తాయి గానీ సిసెక్స్ అనే పెద్ద కబుర్లు తెగిపోతాయి. కీబోర్డు సెట్టింగులు లాప్‌టాప్‌లో దాచుకోవాలనుకునేవాళ్లు అలాంటి తీగ కొనొద్దు.

నల్ల తెర ఎందుకు, కిటికీలూ బొమ్మలూ ఉన్న సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి కదా అని కొందరికి ఉంటుంది. ఉన్నాయి, వాడుకోండి. కానీ మీరు రాయగడలో ఉండి నన్ను అడగాలనుకోండి. ఇప్పుడు ఏం పంపుతున్నారు? చీకట్లో తీసిన కీబోర్డు వీడియో, వెనకాల జెనరేటర్ శబ్దం, ఒక వాయిస్ మెసేజ్. నేను దాన్లో ఏం చూడాలి? ఆజ్ఞ చివర బాణం గుర్తు పెట్టి ఒక ఫైలు పేరు రాయండి. తెర మీద పడాల్సినదంతా ఆ ఫైల్లో పడుతుంది. వాయించండి, కంట్రోల్ సి కొట్టి ఆపండి, ఆ ఫైలు వాట్సాప్‌లో పంపండి. మీరు ఒడియాలో చెప్పినా, తెలుగులో చెప్పినా, సవరలో చెప్పినా 64 అంటే పెడలే, 127 అంటే 127. ఫోటో తీసి పంపకండి, అక్షరాలు పంపండి.

ఇది చెప్పలేనివి కూడా ఉన్నాయి. మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోందంటే ఆ ఆలస్యం మామూలుగా అవతలి సగంలో, సౌండ్ కార్డు బఫర్‌లో, అంటే శబ్దాన్ని పంపేముందు కాసేపు దాచే చోట, ఉంటుంది. తెర మీద వరస టక్కున పడి స్పీకరు తర్వాత మోగితే, బఫర్ తగ్గించుకోండి. ఏసెక్‌డంప్ అంతకుమించి చెప్పదు.

(ప్రశ్న: విండోస్‌లో రిసీవ్‌మిడి తెరిస్తే పరికరం తెరుచుకోవట్లేదంటోంది.)

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టి ఉంటావు. విండోస్‌లో చాలా పాత డ్రైవర్లు ఒకేసారి ఒక్క ప్రోగ్రామ్‌కే పరికరాన్ని ఇస్తాయి. అది మూసేసి ఇది తెరు. చూసుకున్నాక ఇది మూసేసి అది తెరు.

(ప్రశ్న: ఫోన్‌లో అవుతుందా?)

ఆండ్రాయిడ్ 6 నుంచి మిడి ఉంది. ఫోన్‌కి యూఎస్‌బీ తీగ తగిలించే ఓటీజీ ముక్క కావాలి, మిడి మానిటర్ అని వెతికితే యాప్‌లు దొరుకుతాయి. నల్ల తెర కాదు గానీ స్టేజీ పక్కన నిలబడి చూసుకోడానికి చాలు. కొన్ని కీబోర్డులకి ఫోన్ ఇచ్చే కరెంటు చాలదు, వాటికి అడాప్టర్ పెట్టండి.

(ప్రశ్న: మిడి 2.0 వచ్చింది కదా, ఇదంతా మారిపోతుందా?)

2020లో వచ్చింది. వెలాసిటీకి 127 మెట్లు కాకుండా పదహారు బిట్ల లెక్క, అంటే 65 వేల పైచిలుకు మెట్లు. లినక్స్ కెర్నెల్‌లోకి 6.5తో వచ్చింది, కొత్త ఏసెక్‌డంప్ దాన్ని కూడా చదువుతుంది. కానీ ఈ గదిలో ఉన్న కీబోర్డుల్లో ఒక్కటీ ఆ రకం కాదు. మనం పోయేదాకా 60 వస్తూనే ఉంటుంది, బెంగపెట్టుకోకండి.

ఏమ్మా, నువ్వు కీబోర్డు తెచ్చావు కదూ? ఏంటి దాని బాధ?

(సమాధానం: వాయిస్తుంటే స్వరం కొంచెం దిగిపోతుందండీ. హార్మోనియంతో కలవదు. ఒక్కోసారి బాగానే ఉంటుంది.)

ఇటు తే, తగిలిద్దాం. 28:0గా వచ్చింది. ఎవరూ ముట్టుకోకండి. చూడండి, చేతులు పైకెత్తే ఉన్నాను. పిచ్ బెండ్, 0, వాల్యూ మైనస్ 192. మళ్లీ, మైనస్ 256. మైనస్ 192. అది సున్నా దగ్గర ఉండాలి. ఎవరూ తిప్పకుండానే చక్రం తిరిగినట్టు చెప్తోంది. సా నొక్కమ్మా. నోట్ 60 సరిగ్గానే వచ్చింది, ట్రాన్స్‌పోజ్ కాదు. ఇప్పుడు పిచ్ చక్రం పైకి ఒకసారి, కిందకి ఒకసారి తిప్పి వదులు. మైనస్ 64... మైనస్ 128. సున్నాకి రావట్లేదు. దీని లోపల ఉన్నది వాల్యూమ్ బటన్‌లో ఉండే పొటెన్షియోమీటర్ లాంటిదే, దాని పట్టీ అరిగిందో, మట్టి పట్టిందో. ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు ఇటూ అటూ తిప్పి చూద్దాం. అప్పటికీ సున్నాకి రాకపోతే ఆ ఒక్క ముక్క మార్చాలి, కీబోర్డు మార్చనక్కర్లేదు. ఈలోపు ఎక్కడైనా వాయించాల్సి వస్తే, సాఫ్ట్‌వేర్‌లో పిచ్ బెండ్ తీసుకోవద్దని పెట్టుకో, శ్రుతి నిలబడుతుంది. కీబోర్డు సొంత స్వరాలు వాడితే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

ఆ క్లీనర్ డబ్బా ఇటందించు తమ్ముడూ. గుణుపురం వాళ్లొచ్చినట్టున్నారు, కాస్త జరిగి చోటివ్వండి. తర్వాతి కీబోర్డు ఎవరిది?